పఠనాభ్యాసం – మనఃస్వాస్థ్యం : నరసన్నపేట ప్రాంతాన్ని పురస్కరించుకొని ఒక పరిశీలన

‘పఠనం’ అనే పదం ‘పఠ్’ ధాతువు నుంచి నిష్పన్నమైనది. స్పష్టంగా ఉచ్చరించడమని ఈ ధాతువుకు ధాతుపాఠం అర్థం చెప్పింది. అక్షరాల వెంట కన్ను సాగించి మౌనంగా అర్థాన్ని గ్రహించడం ఈ పదానికి కాలక్రమాన సిద్ధించిన అర్థం. మొదటి అర్థంలో పలికే నోరు ఉంది; నోరు ఉన్నందువలన వినే చెవి కూడ ఉంది. తెలుగులోని ‘చదువు’ అనే మాట తీరు కూడ ఇదే. పురాణం చదవడం, పద్యం చదవడం అన్నప్పుడు బిగ్గరగా వినిపించడమనే అర్థం నేటికీ స్ఫురిస్తుంది. పెళ్లిపందిట్లో కానుకలను పేరు పేరునా ప్రకటించడానికి ‘చదివింపులు’ అన్న పేరు ఈ అర్థం మీదనే నిలిచింది.

‘స్వాస్థ్యం’ అనే పదం కూడ విచారింపదగినది. తనయందు తాను నిలిచి ఉన్నవాడు స్వస్థుడు. సుశ్రుతుడు స్వస్థుని లక్షణాలు చెబుతూ దోషాగ్నిధాతువుల సమత్వంతో ఆగక, ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండడాన్ని కూడ అందులో చేర్చాడు. అంటే శరీరంలో రోగం లేకపోయినంత మాత్రాన మనిషి స్వస్థుడు కాడు. మనస్సు తేటపడి ఉండాలి.

ఈ రెండు పదార్థాలకు గల సంబంధాన్ని ఇతిహాసం, ఆయుర్వేదం, అలంకారశాస్త్రం, ఆధునిక పరిశోధనలు అనే నాలుగు మార్గాలలో విచారించి, ఆ విచారణ ఫలితాన్ని శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట పరిసర గ్రామాల జీవితానికి అన్వయించడం ఈ వ్యాసోద్దేశం.

ధర్మరాజు ప్రశ్న

దుఃఖితునికి కథ ఔషధమన్న భావనకు మహాభారతంలో స్పష్టమైన నిదర్శనం నలోపాఖ్యానం. జూదంలో రాజ్యం పోయింది. అర్జునుడు దివ్యాస్త్రాల కొరకు ఇంద్రలోకానికి వెళ్లాడు. అడవిలో ధర్మరాజు బృహదశ్వ మహర్షిని చూచి, తనవలె కష్టపడిన రాజు లోకంలో మరొకడు ఉన్నాడా అని అడిగాడు. ఈ ప్రశ్నలో ఉన్న వేదనను గుర్తించడం అవసరం. కష్టం కంటె ‘ఇది నా ఒక్కనికే వచ్చింది’ అనే తలంపు మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. మహర్షి ఆ ప్రశ్నకు ఉపదేశంతో సమాధానం చెప్పలేదు; నలుని కథ చెప్పాడు. నలునికి అడవిలో తమ్ములు తోడు లేరు, పరివారం లేదు, చివరకు భార్య కూడ దూరమైంది. ఆ కథ వింటూ ధర్మరాజు తన దుఃఖాన్ని మరొకని దుఃఖం పక్కన నిలిపి చూచుకొనగలిగాడు.

ఈ ఉపాఖ్యానానికి మరొక ముగింపు కూడ ఉంది. శత్రువులు మళ్లీ జూదానికి పిలుస్తారేమోనన్న భయం ధర్మరాజుకు ఉంది. కథ ముగిసిన తరువాత బృహదశ్వుడు ఆయనకు అక్షహృదయ విద్యను ప్రసాదించాడు. అంటే ఊరటతో పాటు, భయానికి మూలమైన విషయంలో జ్ఞానాన్ని కూడ ఇచ్చాడు. గ్రంథం మనస్సుకు చేసే మేలు ఈ రెండు విధాలుగానే ఉంటుంది. ఒకటి తోడు దొరికిన భావన, రెండవది తెలివిడి. తెలుగువారికి ఈ కథను అందించినవాడు నన్నయ. అది శతాబ్దాల పాటు అత్యధిక ప్రజలకు అందినది మాత్రం పురాణ శ్రవణం ద్వారానే.

ఆయుర్వేద దృష్టి

చరకుడు చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా విభజించాడు. అహితమైన విషయాల నుంచి మనస్సును మరలించి నిగ్రహించడం సత్త్వావజయం. మానసిక దోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అనేవి శమనోపాయాలని కూడ ఆయన చెప్పాడు. వీటిలో జ్ఞానవిజ్ఞానాలకు గ్రంథమో గురువో ఆధారం కాక తప్పదు.

ఇంతకంటె ఆసక్తికరమైన విషయం చరక సంహిత సూత్రస్థానంలోని ఉపకల్పనీయాధ్యాయంలో ఉంది. సంశోధన చికిత్సకు ముందు ఆతురగృహాన్ని ఎట్లా సిద్ధం చేయాలో అందులో వివరించాడు. ఈదురుగాలి తగలకుండా ఒక వైపు నుంచి మాత్రం గాలి వచ్చే గది, నీరు, వంటసాల, పరిచారకులు మొదలైన వాటితో పాటు, పాటలు పాడేవారిని, వాద్యాలు వాయించేవారిని, శ్లోకాలు, గాథలు, ఆఖ్యాయికలు, ఇతిహాస పురాణాలు చెప్పడంలో నేర్పరులైనవారిని రోగి దగ్గర ఉంచాలని విధించాడు. ఇక్కడ రోగి చేతికి గ్రంథాన్ని ఇమ్మని చరకుడు చెప్పలేదు. గ్రంథం తెలిసిన మనిషిని రోగి దగ్గర కూర్చోబెట్టమన్నాడు.

సాధారణీకరణం, రసవిఘ్నం

కావ్యం మనస్సుపై పనిచేసే తీరును అలంకారికులు సూక్ష్మంగా పరిశీలించారు. నాట్యం దుఃఖార్తులకు, శ్రమార్తులకు, శోకార్తులకు విశ్రాంతినిస్తుందని భరతుడు నాట్యశాస్త్రారంభంలోనే చెప్పాడు. మమ్మటుడు కావ్యప్రయోజనాలను ఆరింటిని పేర్కొంటూ శివేతరక్షతిని, సద్యఃపరనిర్వృతిని వాటిలో చేర్చాడు. అమంగళం తొలగడం మొదటిది. ఆస్వాదించిన క్షణంలోనే కలిగే పరమానందం రెండవది. శివేతరక్షతికి ఆయన సూర్యుని స్తుతించి అనర్థాన్ని తొలగించుకొన్న మయూరకవిని ఉదాహరించాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఆరోగ్యప్రదాతగా కొలిచే శ్రీకాకుళం ప్రజలకు ఈ ఉదాహరణ పరాయిది కాదు.

ఇది ఎట్లా జరుగుతుంది అన్న ప్రశ్నకు భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణ సిద్ధాంతం సమాధానం ఇస్తుంది. కావ్యంలోని శోకం ఫలానా రామునిదిగా గాని, చదివేవాని సొంత శోకంగా గాని ఉండిపోదు. మనుషులందరికీ చెందిన శోకంగా మారుతుంది. అప్పుడు దానిని భరించడమే గాక ఆస్వాదించడం కూడ సాధ్యమవుతుంది. కరుణరస ప్రధానమైన కావ్యాన్ని చదివి కన్నీరు పెట్టుకొన్నవాడు దిగులు పెరిగిందనక, మనస్సు తేలికపడిందని చెప్పడానికి కారణం ఇదే. ధర్మరాజు విషయంలో బృహదశ్వుడు చేసినది కూడ ఇదే.

అయితే ఇందుకు ఒక ప్రతిబంధకం ఉంది. అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను చెప్పాడు. తన సుఖదుఃఖాలకే వశమైపోవడం వాటిలో ఒకటి. సొంత దుఃఖంలో పూర్తిగా మునిగినవానికి కావ్యం అంటదు. ఈ విఘ్నాన్ని తొలగించడానికే నాట్యంలో గానం, వాద్యం, రంగశోభ మొదలైన ఉపరంజకాలు ఉన్నాయని ఆయన వివరించాడు. ఈ మాట నేటి మానసిక వైద్యులకు కూడ అంగీకారమైనదే. కుంగుబాటు రోగ లక్షణాలలో ఏకాగ్రత లోపించడం ఒకటి. ఒకే పంక్తిని నాలుగు సార్లు చదివినా అర్థం నిలవదు. అట్టి వ్యక్తితో ‘ఏదైనా మంచి పుస్తకం చదువుకో’ అని చెప్పడం, కాలు విరిగినవానితో నడిచి రమ్మని చెప్పడం వంటిది. అతనికి మరొకరు చదివి వినిపించాలి. చరకుని విధిలోని ఔచిత్యం ఇక్కడ అవగతమవుతుంది.

ఆధునిక పరిశోధనలు

గ్రంథాన్ని చికిత్సాసాధనంగా ఉపయోగించే పద్ధతికి ‘బిబ్లియోథెరపీ’ అనే పేరు 1916లో అమెరికా రచయిత శామ్యూల్ క్రొదర్స్ వాడుకలోకి తెచ్చాడు. దీనిని గ్రంథచికిత్స అనవచ్చు. దీని ప్రయోజనాన్ని గురించి 1997లో నెదర్లాండ్సులో ఆరు ప్రయోగాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ వెలువడింది. కుంగుబాటుకు ప్రత్యేకంగా రచించిన స్వయంసహాయక గ్రంథాలు, క్రమపద్ధతిలో ఉపయోగించినప్పుడు, మేలు చేసినట్లు అందులో తేలింది. ఇంగ్లండులో 2013 నుంచి వైద్యులు సూచించిన గ్రంథాలను ప్రజాగ్రంథాలయాల ద్వారా అందించే పథకం అమలులోకి వచ్చింది.

వార్ధక్యంలో పఠనం చేసే మేలును గురించి కూడ పరిశోధనలు జరిగాయి. 2003లో న్యూయార్కు పరిశోధకులు 75 సంవత్సరాలు దాటిన 469 మందిని కొన్నేళ్ల పాటు పరిశీలించి, చదవడం, చదరంగం వంటి ఆటలు, వాద్యం వాయించడం, నృత్యం అలవాటుగా ఉన్నవారిలో మతిభ్రంశ వ్యాధి తక్కువగా కనిపించిందని ప్రకటించారు. 2016లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 3,635 మంది వివరాలను పరిశీలించారు. పుస్తకాలు చదివే అలవాటు ఉన్నవారికి 12 సంవత్సరాల కాలంలో మరణం సంభవించే అవకాశం, చదవనివారి కంటె సుమారు 20 శాతం తక్కువగా ఉన్నట్లు తేలింది.

ఈ ఫలితాలను అంగీకరించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. పఠనం వలన ఆరోగ్యం కలిగిందా, ఆరోగ్యం, తీరిక, కలిమి ఉన్నందువలన చదువుకొన్నారా అన్న ప్రశ్న ఇట్టి పరిశీలనలలో పూర్తిగా తేలదు. పరిశోధకులు ఈ అంశాలను లెక్కలోకి తీసుకొని సవరణలు చేసినా సందేహానికి కొంత చోటు మిగిలే ఉంటుంది. ఆరు నిమిషాల పఠనంతో మనస్సులోని ఒత్తిడి 68 శాతం తగ్గుతుందన్న మాట పత్రికలలో తరచు కనిపిస్తుంది. 2009 నాటి ఆ చిన్న ప్రయోగం పండిత సమీక్షకు నిలిచి శాస్త్రపత్రికలో వెలువడినది కాదు. ఇట్టి అంకెలను ప్రమాణంగా స్వీకరించరాదు.

తెలుగునేల మీద జరిగిన పరిశోధన ఒకటి ఈ సందర్భంలో ముఖ్యమైనది. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి, ఒకే భాష మాట్లాడేవారి కంటె, సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైందని ఆ బృందం గుర్తించింది. విశేషమేమంటే ఈ భేదం నిరక్షరాస్యులలో కూడ కనిపించింది. బుద్ధికి వ్యాయామం అక్షరం ద్వారానే లభిస్తుందన్న నియమం లేదని, నోట పలికే భాష, చెవిన పడే భాష కూడ ఆ పని చేయగలవని దీని నుంచి ఊహించడానికి అవకాశం ఉంది.

నరసన్నపేట పరిసరాలు

శ్రీకాకుళం నుంచి టెక్కలి వైపు సాగే జాతీయ రహదారి మీద, వంశధార దాటిన తరువాత వచ్చే పట్టణం నరసన్నపేట. పోలాకి, జలుమూరు, సారవకోట మండలాల పల్లెలకు ఇది వ్యాపార కేంద్రం. ఈ ప్రాంత ప్రజల మనోవేదనకు కారణాలు బహిరంగమైనవే. పంట మీద ఆధారపడిన బ్రతుకు, అప్పు, తుపాను, వలస అన్నవి వాటిలో ప్రధానమైనవి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఒక తరం పెంచిన చెట్లు ఒక రాత్రిలో కూలిపోయాయి. పనుల కొరకు హైదరాబాదు, చెన్నై, గుజరాతు రేవులకు వెళ్లిన యువకుల ఇళ్లలో వృద్ధులైన తల్లిదండ్రులు మిగిలి ఉండడం జిల్లా అంతటా కనిపించే దృశ్యం.

2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత సుమారు 62 శాతం. విజయనగరం జిల్లాలో సుమారు 59 శాతం. శ్రీకాకుళం జిల్లా స్త్రీలలో అది 52 శాతం మాత్రమే. అంటే ఆనాటి లెక్కలో ఇంచుమించు ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి అక్షరం అందలేదు. ఆనాడు నడివయస్సులో ఉన్న ఆ స్త్రీలే నేడు ఒంటరి ఇళ్లలోని వృద్ధురాండ్రు. పఠనం మనస్సుకు మేలు చేస్తుందన్న వాక్యాన్ని మౌనపఠనానికి పరిమితం చేస్తే, ఆ మేలు అత్యంత అవసరమైన వీరందరూ దాని పరిధికి వెలుపలే మిగిలిపోతారు.

ఈ నేలకు వినికిడి సంస్కృతి కొత్తది కాదు. జముకుల కథ, తప్పెటగుళ్లు ఈ ప్రాంతపు సొత్తు. హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగర ప్రాంతపు అజ్జాడలో జన్మించారు. అక్షరం రాని శ్రోత కూడ గజేంద్రుని ఆర్తిని, సావిత్రి పట్టుదలను, హరిశ్చంద్రుని నిబ్బరాన్ని ఈ కళల ద్వారా తనవిగా చేసుకొన్నాడు. ఇంటిలో కష్టం వచ్చినప్పుడు సుందరకాండ పారాయణ పెట్టుకొనే ఆచారంలో కూడ ఇట్టి లక్షణాలే ఉన్నాయి. నియతమైన వేళ, ప్రతిదినం ఇంత అని భాగవిభజన, బిగ్గరగా చదవడం, పక్కన కూర్చొని వినేవారు ఉండడం. విశ్వాసపు సంగతి అటుంచినా, చెదిరిన మనస్సును కుదుటపరచడానికి ఈ నాలుగు లక్షణాలు సహకరించగలవని చెప్పవచ్చు.

భాష విషయంలో కూడ ఈ ప్రాంతం తెలుగుదేశానికి మార్గం చూపింది. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను అభ్యసించి, ఆ భాషలో వాచకాలు రచించి, వారి పిల్లలకు పాఠశాలలు నడిపించారు. తెలుగు పిల్లవాడు తాను మాట్లాడని తెలుగులో చదివి రాయవలసిన దుఃస్థితికి వ్యతిరేకంగా ఆయన చేసిన వాదం భాషాశాస్త్ర వాదంగానే ప్రసిద్ధం. చదివేవాని మనస్సు వైపు నుంచి చూచినప్పుడు దానిలో మరొక పార్శ్వం కనిపిస్తుంది. అర్థం కాని భాష చదువరిలో న్యూనతను, భయాన్ని పెంచుతుంది. తన మాటే అచ్చులో కనిపించినప్పుడు చదువరి గ్రంథంతో స్నేహం చేస్తాడు. సాధారణీకరణానికి ముందు పరిచయం కావాలి.

కాళీపట్నం రామారావుగారి రచనలు ఇందుకు నిదర్శనం. మురపాకలో 1924లో జన్మించిన ఆయన 1966లో ప్రకటించిన ‘యజ్ఞం’ కథ, తరాలకు సంక్రమించే అప్పు ఒక కుటుంబాన్ని ఏ గతికి తెచ్చిందో చూపించింది. ఇది చదివినవారికి హాయి గొలిపే కథ కాదు. అయితే అప్పు తన చేతగానితనమని, తనకొక్కనికే పట్టిన శాపమని తలచి లోలోపల కుమిలేవానికి, దాని వెనుక తనవంటి అనేకులను బంధించిన వ్యవస్థ ఉన్నదని ఆ కథ తెలియజేస్తుంది. ధర్మరాజు ప్రశ్నకు శ్రీకాకుళపు తెలుగులో లభించిన సమాధానాలలో ఇది ఒకటి. 1995లో తమకు లభించిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్ము ఆధారంగా రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. తెలుగు కథకు సంబంధించిన సంపుటాలు, పత్రికా సంచికలు వేలాదిగా అక్కడ భద్రపరచబడ్డాయి. 2021లో ఆయన పరమపదించిన తరువాత కూడ ఆ నిలయం జిల్లాకు ఒక సంపదగా నిలిచి ఉంది.

హీనయోగం, అతియోగం, మిథ్యాయోగం

ఇంద్రియాలకు విషయాలతో కలిగే సంబంధం సమంగా లేనప్పుడు రోగం పుడుతుందని చరకుడు సిద్ధాంతీకరించాడు. సంబంధం బొత్తిగా లేకపోవడమో చాలనంతగా ఉండడమో హీనయోగం, మితిమీరడం అతియోగం, వికృతంగా ఉండడం మిథ్యాయోగం. కంటి విషయంలో మిక్కిలి ప్రకాశవంతమైన వస్తువులను అతిగా చూడడం అతియోగమని, మరీ దగ్గర ఉన్నవాటిని, భయంకరమైనవాటిని, బీభత్సమైనవాటిని చూడడం మిథ్యాయోగమని ఆయన చెప్పాడు. ఈ విభాగం నేటి పఠనాభ్యాసాలకు చక్కగా అన్వయిస్తుంది.

అక్షరం రాకపోవడం, పుస్తకం దొరకకపోవడం, చదివి వినిపించే మనిషి లేకపోవడం హీనయోగం. నరసన్నపేట ప్రాంతపు వృద్ధుల విషయంలో మూడవదే ప్రబలమైన లోపం.

రాత్రి నిద్ర మానుకొని చదవడం అతియోగం. పోటీపరీక్షల అభ్యర్థులు దీనికి ఎక్కువగా గురి అవుతున్నారు. గ్రంథాలయ పఠనమందిరాలలో నేడు ప్రొద్దుటి నుంచి కూర్చొనే యువకులలో ఎక్కువమంది ఉద్యోగపరీక్షలకు సిద్ధమయ్యేవారే. ఆ చదువు బ్రతుకుతెరువుకు అవసరమైనది. దానిని చులకన చేయరాదు. అయితే ఫలితం మీది భయంతో చేసే పఠనానికి విశ్రాంతినిచ్చే గుణం ఉండదు. ఏళ్ల తరబడి ఆ చదువే చదువైనప్పుడు, పుస్తకమంటేనే అలసట అన్న భావం స్థిరపడే ప్రమాదం ఉంది.

మిథ్యాయోగం నేడు చేతి ఫోనులో కనిపిస్తుంది. ప్రకాశించే తెర కంటికి అతి సమీపంలో ఉంటుంది; అందులో వచ్చేది తరచు భయం గొలిపే వార్త, ద్వేషం రేపే మాట, నిజానిజాలు తేలని వైద్య సలహా. ఒక వాక్యం మనస్సులో నిలిచే లోపల మరొకటి వచ్చి పడుతుంది. 2015లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 12 మందిని కొన్ని రాత్రులు వెలుగునిచ్చే తెర మీద, కొన్ని రాత్రులు కాగితపు పుస్తకంలో చదివించి చూచారు. తెర మీద చదివిన రాత్రులలో నిద్ర ఆలస్యంగా వచ్చింది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గింది. సంఖ్య చిన్నదైనా ప్రయోగం జాగ్రత్తగా చేసినది. మిథ్యాయోగానికి ఫోను ఒక్కటే ఆస్పదం కాదు. 1970–90 దశకాలలో వారపత్రికలలో ధారావాహికలుగా వచ్చిన క్షుద్రశక్తుల నవలలు బలహీన మనస్కులను భయపెట్టాయన్న విమర్శ ఆనాడే ఉంది. అదే కాలంలో ఆ వారపత్రికలు, అద్దె పుస్తకాల దుకాణాలు లక్షలాది గృహిణులకు చదివే అలవాటు నేర్పాయి. వారం వారం సీరియలును గురించి ఇరుగుపొరుగు స్త్రీలు ముచ్చటించుకొనే సందర్భం కల్పించాయి. మంచి చెడ్డలు రెండూ కలిసి ఉన్న ఆ చరిత్రను ఒక్క మాటతో తోసివేయరాదు.

సమయోగానికి మార్గాలు

సమయోగం సాధించడానికి ఈ ప్రాంతంలో కొత్త వ్యవస్థలు అవసరం లేదు. ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రలోనే దానికి దారి ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి కార్యకర్తలు గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా అన్న భావాన్ని తొలగించారు. రాత్రి పాఠశాలలు, నిరక్షరాస్యులకు పత్రికలు చదివి వినిపించడం, పురాణ కాలక్షేపాలు గ్రంథాలయ కార్యక్రమాలలో భాగమయ్యాయి. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట పల్లెలకు పంపించారు. ప్రతి పాఠకునికి అతని పుస్తకం, ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు అని రంగనాథన్‌గారు 1931లో చెప్పిన సూత్రాలకు అవి ఆచరణ రూపాలు.

కలిసి చదవడం ఎంతటి ఫలితాన్ని ఇవ్వగలదో తెలుగుదేశం 1990 దశకంలో ప్రత్యక్షంగా చూచింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి బడులకు వచ్చిన దూబగుంట స్త్రీలు, సారా వలన సంసారం చితికిపోవడాన్ని గురించిన పాఠాన్ని చదివి, చర్చించి, ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకొన్నారు. 1992లో అది రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధింపబడింది. ఆ పాఠం ఒక్కొక్క స్త్రీ ఒంటరిగా చదువుకొన్నదైతే కన్నీటితో ముగిసేది. పదిమంది కలిసి చదివినందువలన ‘నా ఇంటి గొడవ’ ‘మా ఊరి గొడవ’గా మారింది. అలంకారికులు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ కావ్యపరిధిని దాటి జీవితంలోకి వచ్చింది. కథతో పాటు అక్షహృదయం కూడ ఆ స్త్రీలకు దక్కింది.

ఈ అనుభవాల వెలుగులో కొన్ని సూచనలు చేయవచ్చు. ఇంటిలో చదువు వచ్చిన పిల్లలు ప్రతిదినం సాయంకాలం పావుగంట సేపు తాత, అమ్మమ్మలకు ఒక కథనో, పత్రికలోని వార్తనో చదివి వినిపించడం మొదటిది. దీని వలన పిల్లల ఉచ్చారణ చక్కబడుతుంది. వృద్ధులకు పలకరింపు దొరుకుతుంది. శాఖా గ్రంథాలయాలలో వారానికి ఒకనాడు పరీక్షలతో నిమిత్తం లేని సామూహిక పఠనం ఏర్పాటు చేయడం రెండవది. అభ్యర్థులు కూడ అందులో పాల్గొంటే వారి చదువుకు అది విశ్రాంతి అవుతుంది. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు సెలవులలో తమ గ్రామాలలో భారత, భాగవత కథలతో పాటు ఉత్తరాంధ్ర కథకుల రచనలను చదివి అర్థం చెప్పడం మూడవది. విద్వాంసుని విద్యకు, గ్రామస్థుని అవసరానికి అక్కడ పొత్తు కుదురుతుంది. పడుకొనే ముందు ఫోను పక్కన పెట్టి నాలుగు పుటలు కాగితపు పుస్తకం చదవడం నాలుగవది. దీనికి ఖర్చు లేదు.

ఏ పుస్తకం చదవాలన్న ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం ఉండదు. రోగి ప్రకృతిని బట్టి ఔషధం మారినట్లే చదువరి వయస్సు, భాష, అనుభవాలను బట్టి గ్రంథం మారుతుంది. శోకం తాజాగా ఉన్నప్పుడు ఆ శోకాన్నే చిత్రించిన గ్రంథం కొందరికి బరువు కావచ్చు. అప్పుడు హాస్యమో, యాత్రాకథనమో, చిన్ననాట విన్న పద్యమో హితవుగా ఉంటుంది. వినేవారి ముఖం చూచి చదవడం ఆపగలగడం, మరొకటి ఎత్తుకోగలగడం చదివి వినిపించేవారికి ఉండవలసిన నేర్పు.

పఠనానికి గల హద్దును కూడ చెప్పవలసి ఉంది. 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేక్షణ ప్రకారం దేశంలోని వయోజనులలో సుమారు 10.6 శాతం మందికి ఆనాటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. వారిలో అత్యధికులకు చికిత్స అందలేదు. రెండు వారాలకు మించి దిగులు వీడకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, బ్రతుకు మీద విరక్తి మాటలు రావడం గమనించినప్పుడు పుస్తకం మీద భారం వేసి ఊరుకోరాదు. వైద్యుని వద్దకు తీసుకొని పోవాలి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చరకుడు సత్త్వావజయాన్ని యుక్తివ్యపాశ్రయానికి, అనగా ఔషధాహారాలతో చేసే చికిత్సకు, తోడుగానే చెప్పాడు గాని దానికి బదులుగా చెప్పలేదు.

ఉపసంహారం

పై విచారణ వలన తేలిన అంశాలు ఇవి. పఠనం మనస్సుకు మేలు చేసే ప్రధాన మార్గం సాధారణీకరణం. అనగా తన దుఃఖం తన ఒక్కనిదే కాదన్న ఎరుక. దుఃఖం గాఢమైనప్పుడు ఒంటరిగా చదివి ఈ ఎరుకను పొందడం కష్టం. అక్షరం రానివారికి అది అసాధ్యం. ఈ రెండు స్థితులలోను చదివి వినిపించే మనిషి అవసరం. చదివేది తెలిసిన భాషలో, తగిన మోతాదులో, నియతమైన వేళలో ఉన్నప్పుడు అది సమయోగం అవుతుంది. పురాణ శ్రవణం నుంచి దూబగుంట రాత్రి బడి వరకు తెలుగువారి అనుభవం ఈ విషయాన్ని బలపరుస్తున్నది.

నరసన్నపేట చుట్టుపట్ల పల్లెలలో జముకు మోగే రాత్రులు తగ్గిపోయాయి. పురాణం చెప్పే అరుగులు కూడ తగ్గిపోయాయి. ఆ చోటును నేడు ఫోను తెర ఆక్రమిస్తున్నది. అయినా అక్షరం వచ్చిన మనుమరాలు, అక్షరం రాని అమ్మమ్మ ఒకే ఇంటిలో ఉన్న తరం ఇంకా గడిచిపోలేదు. ఇంకొక ఇరవై ఏళ్లకు ఈ అవకాశం ఇంతగా ఉండదు. ఈ ప్రాంతపు పాఠశాలలు, గ్రంథాలయాలు, ప్రాచ్యకళాశాలలు ఈ వ్యవధిని గుర్తించి, పఠ్ ధాతువు మొదటి అర్థాన్ని ఇంటింటా ఆచరణలోకి తేవడానికి పూనుకొనవలసి ఉన్నది.